ఊపిరికి కూడు కావాలి

"బలమైన తిండి తినాలి." దమ్ముతో, ఆయాసంతో సర్కారు దవాఖానకు పోయిన మాలమాదిగలకు డాక్టరు చెప్పే ఆఖరి మాట ఇది. మందుల చీటీ అడుగున రాసి కూడా ఇస్తాడు: పాలు, పళ్ళు, బాదం పప్పు, డబ్బా పొడి. చీటీ చేతిలో పెట్టి తర్వాతి మనిషిని పిలుస్తాడు. ఆ నాలుగు సరుకులూ ఏ వంటింట్లో ఉంటాయో, ఏ వంటింట్లో ఉండవో ఆ చీటీలో ఉండదు. కూలి దొరికిన రోజే కూర వండుకునే ఇంటికి ఆ చీటీ ఒక వెక్కిరింత.

ఈ సంచికలో మేం ఊపిరితిత్తుల జబ్బు గురించి, ఆ జబ్బు మనిషి తినాల్సిన తిండి గురించి రాస్తున్నాం. ఉద్యమ పత్రికలో పథ్యం గొడవేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. తాగే నీళ్ళ మీద కులం కాపలా ఉన్నందుకే 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చెరువులో దిగాల్సి వచ్చింది. తినే కూడు మీదా, పీల్చే గాలి మీదా ఆ కాపలా ఇంకా పోలేదు. కారంచేడులో 1985 జులై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్ళను నరికి చంపితే లోకమంతా చూసింది. ఊపిరందక, కండ కరిగి, మంచాన పడి పోయేవాళ్ళను ఎవరూ లెక్క రాయరు. "దగ్గుతో పోయాడు" అని మనమే అనుకుని ఊరుకుంటాం. ఆ ఊరుకోవడం ఇక చాలు.

ఈ జబ్బు మనకే ఎందుకొస్తుందో ముందు చూద్దాం. డాక్టర్లు సి.ఓ.పి.డి. అంటారు, మన వాడల్లో దమ్ము అంటాం, ఎగపోత అంటాం. ఊపిరి గొట్టాలు వాచి, ఇరుకై, తిత్తులు సాగిపోయి, పీల్చిన గాలి బయటికి రాకుండా లోపలే ఇరుక్కునే జబ్బు అది. బీడీ, సిగరెట్టు దానికి పెద్ద కారణం. బీడీ ఒక్కటే కారణమని చెప్పి చేతులు దులుపుకుంటే మాత్రం మేం ఒప్పుకోం. ఏనాడూ బీడీ ముట్టని మన తల్లులు ముప్పై నలభై ఏళ్ళు కట్టెలు, పిడకలు, పత్తికట్టె పొయ్యి ముందు కూచుని ఆ పొగ పీల్చారు. వాళ్ళకూ ఇదే జబ్బు. క్వారీల్లో రాయి కొట్టేవాళ్ళు, క్రషర్ల దగ్గర తట్ట మోసేవాళ్ళు మెత్తటి రాతి ధూళి పీలిస్తే వచ్చేది సిలికోసిస్. దానికి మందు లేదు. జిన్నింగు మిల్లుల్లో దూది నుసి, మిర్చి యార్డుల్లో కోరు, తెల్లారకముందే పట్నం రోడ్లు ఊడ్చే సఫాయి తల్లుల ముక్కుల్లోకి పోయే దుమ్ము, అన్నీ ఒకే చోటికి చేరతాయి. ఇక క్షయ సంగతి. మందులు వాడి క్షయ నయమైనా, అది తిన్న తిత్తి మళ్ళీ మొలవదు. ఆ మచ్చలతో జన్మంతా ఆయాసపడేవాళ్ళు మన వాడల్లో ఎంతమంది లేరు? ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారో చూస్తే ఈ జబ్బు కులం తెలిసిపోతుంది.

ఇక తిండి సంగతి. ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. పాడైన తిత్తిని ఏ తిండీ బాగు చెయ్యదు. పీల్చే మందు మానేసి ఏదో ఆకు తిను, ఏదో రసం తాగు అని చెప్పేవాణ్ణి నమ్మొద్దు. బీడీ మానడం, దుమ్మూ పొగా తప్పించుకోవడం, డాక్టరు ఇచ్చిన మందు విడవకుండా పీల్చడం, ఇవి మొదలు. అయితే ఇవన్నీ చేసినా, తిండి లేకపోతే మనిషి నిలబడడు. ఎందుకో చూడండి.

బాగున్న మనిషికి ఊపిరి తీయడం పనే కాదు. దమ్ము మనిషికి అదే రోజంతా చేసే కూలి. పక్కటెముకల మధ్య కండరాలు, పొట్టకూ రొమ్ముకూ మధ్యన పరదాలా ఉండే కండరం, మెడ నరాలు బిగదీసే కండరాలు, అన్నీ రాత్రీ పగలూ చాకిరీ చేస్తాయి. బాగున్న మనిషి ఊపిరికి ఖర్చు పెట్టే శక్తికి ఎన్నో రెట్లు వీళ్ళు ఖర్చు పెడతారు. అంటే మంచంలో ఊరికే కూచున్న దమ్ము మనిషి ఊరికే కూచోలేదు, బండ మోస్తున్నాడు. బండ మోసేవాడికి గంజి నీళ్ళు పోస్తే ఏమవుతుంది? ఒళ్ళు తన కండను తానే తింటుంది. ముందు తొడలు, జబ్బలు కరుగుతాయి. తర్వాత ఊపిరి లాగే కండరాలే కరుగుతాయి. అవి కరిగితే ఆయాసం పెరుగుతుంది, ఆయాసం పెరిగితే ముద్ద దిగదు, ముద్ద దిగకపోతే ఇంకా కరుగుతాయి. ఈ సుడిలో పడ్డ మనిషి బయటికి రావడం కష్టం. బరువు తగ్గిపోయిన దమ్ము రోగులు తొందరగా చనిపోతారని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. బక్కచిక్కిన రోగులకు తిండి పెంచితే బరువు పెరుగుతుందనీ, ఊపిరి కండరాలకు బలమొస్తుందనీ, నాలుగడుగులు ఎక్కువ నడవగలరనీ కూడా తేల్చింది. అందుకే అంటున్నాం, తిండి ఈ జబ్బులో సగం వైద్యం.

మరి మన దగ్గర జరుగుతున్నదేంటి? జబ్బు రాగానే పథ్యం మొదలవుతుంది. గుడ్డు వేడి, పెరుగు చలవ, అరటిపండు కఫం, మాంసం అరగదు, చేప పడదు. అన్నీ తీసేస్తే మిగిలేది చారు మెతుకులు. ఇప్పటికే ఆకలితో ఉన్న మనిషికి పథ్యం పేరుతో ఇంకో ఆకలి రాస్తున్నాం. ఈ వేడి చలవల లెక్క పాలూ పెరుగూ నెయ్యీ పుష్కలంగా ఉన్న ఇళ్ళలో నడిస్తే నడవొచ్చు. అక్కడ ఒకటి మానితే ఇంకొకటి ఉంటుంది. మన ఇళ్ళలో ఒకటి మానితే కంచం ఖాళీ. పాలు తాగితే కఫం పుడుతుందన్న మాటకు రుజువు లేదు. పాలు తాగాక కొందరికి గొంతులో కాస్త జిగటగా అనిపిస్తుంది, అంతే. ఫలానాది తింటే నిజంగానే ఆయాసమొస్తోందని ఒకటికి రెండుసార్లు చూసి తెలుసుకున్నవాళ్ళు ఆ ఒక్కటి మానండి. పక్కింటివాళ్ళు చెప్పారని పది మానకండి.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు పంచుతారు. బతికున్న కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి, రోగి గొంతులో వేస్తారు. ఉబ్బసం పోతుందని వేలాదిమంది వరస కడతారు. దానితో జబ్బు నయమవుతుందని వైద్య పరీక్షల్లో తేలింది లేదు. ఆ వరసలో నిలబడ్డ పేదల్ని మేం ఎగతాళి చెయ్యం. నమ్మకంగా చూసే దవాఖాన ఊళ్ళో ఉంటే వాళ్ళు అంత దూరం ఎందుకొస్తారు? ఒక్కటే అంటాం. ఆ కొరమీను పెరిగి పెద్దదయ్యాక పులుసులో ఉడికి కంచంలోకి వస్తే, ఒంటికి పట్టేది అది.

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. దమ్ము మనిషికి కావాల్సింది తక్కువ పరిమాణంలో ఎక్కువ బలముండే తిండి. కండను నిలిపే మాంసకృత్తులు అందులో ముఖ్యం. కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల నుంచి 1.5 గ్రాముల దాకా తినాలని చెప్తున్నారు. 45 కిలోల మనిషికి తక్కువలో తక్కువ 54 గ్రాములు. రేషన్ బియ్యంతో ఎంతొస్తుందో లెక్కేద్దాం. తలకు నెలకు 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అందులో మాంసకృత్తులు 15 గ్రాములు. ఇంకో 40 గ్రాములు ఎక్కణ్ణుంచి రావాలి? రెండు గుడ్లు 12. యాభై గ్రాముల కందిపప్పు 11. ముప్పై గ్రాముల పల్లీలు 7. యాభై గ్రాముల పెద్దకూర 10. సరిపోయింది. ఇందులో బాదం లేదు, యాపిల్ లేదు, డబ్బా పొడి లేదు.

పెద్దకూర పేరు కావాలనే రాశాం. డాక్టరు చీటీలో ఎన్నడూ కనిపించని మాట అది. కండకు కండ, రక్తానికి ఇనుము, వేటమాంసం కన్నా చౌక. తరతరాలుగా చాకిరీ చేసిన మన ఒళ్ళను నిలబెట్టింది ఆ కూర. కోసిన రోజు తిని, మిగిలింది తునకలు చేసి తీగ మీద ఎండబెట్టి, కూర లేని రోజుకు దాచిన మన అవ్వలకు ఏ చదువూ లేదు, లెక్క మాత్రం తెలుసు. ఎండు చేపలు, మెత్తళ్ళు, నత్తలు, ఎముకల పులుసు, జొన్న గటక, రాగి సంగటి, నువ్వుల పొడి, మునగాకు, గంగవాయిల కూర, చింతచిగురు, ఇదంతా మన తిండి. దమ్ముకు వాడే స్టెరాయిడ్ మందు ఎముకల్ని గుల్ల చేస్తుంది, దానికి రాగులు, నువ్వులు, ముళ్ళతో నమిలే చిన్న చేపలు మంచివి. అగ్రకుల వంటింటిని చూసి సిగ్గుపడి మనం వదిలేసుకున్నవాటిలోనే మనకు కావాల్సిన బలం ఉంది.

ఆ సిగ్గు ఊరికే రాలేదు. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేద్కర్ 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో విప్పి చూపించాడు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మన పిల్లలు తమ తిండి తాము బహిరంగంగా వండుకుని తింటామంటే రాళ్ళు పడ్డాయి. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం కూడా ఎద్దు, దున్న, బర్రె మాంసాన్ని పూర్తిగా నిషేధించలేదు, సర్టిఫికెట్ ఉంటే కోయొచ్చన్నది. అయినా దారికాచి బండ్లు ఆపేవాళ్ళకు ఆ చట్టంతో పనిలేదు. బండి ఆగితే మాంసం ధర పెరుగుతుంది. ధర పెరిగితే మొదట ఖాళీ అయ్యేది మన కంచం. గోరక్షణ పేరుతో రోడ్డు మీద జరిగే దౌర్జన్యం వాడలో దమ్ము మనిషి కండ దాకా వచ్చి తగులుతుంది.

తినే పద్ధతి కూడా తెలుసుకోవాలి. కడుపు నిండా ఒకేసారి తింటే పొట్ట ఉబ్బి ఊపిరి కండరాన్ని పైకి నెడుతుంది, ఆయాసమొస్తుంది. రెండు పూటల అన్నాన్ని ఐదారు సార్లు చేసి కొంచెం కొంచెం తినాలి. పొద్దున ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే పెద్ద ముద్ద తినాలి, రాత్రికి ఉంచుకోకూడదు. తినేముందు కాసేపు కూచుని దమ్ము తీర్చుకోవాలి. నిటారుగా కూచుని, చిన్న ముద్దలు, మెల్లగా. గట్టివి నమల్లేకపోతే పలచటి గంజితో సరిపెట్టొద్దు. అంబలిలో పల్లీపొడి, గంజిలో గుడ్డు, పప్పులో ఒక చెంచా నూనె ఎక్కువ వేస్తే అదే గిన్నెలో బలం పెరుగుతుంది. బెల్లం, పల్లీల ఉండ జేబులో ఉంటే నడుమ నడుమ కొరకొచ్చు. కడుపుబ్బరం చేసేవి ఎవరికి ఏవో వాళ్ళు గమనించి తగ్గించాలి. నీళ్ళు తాగుతుంటే కఫం పలచనై తేలిగ్గా తెగుతుంది. కాళ్ళు వాచినవాళ్ళు మాత్రం ఉప్పు తగ్గించాలి. అలాంటివాళ్ళకు ఉప్పు పట్టించిన ఎండు చేప, పచ్చడి, అప్పడం మంచివి కావు, నీళ్ళు ఎన్ని తాగాలో కూడా డాక్టర్నే అడగాలి. షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు తిండి లెక్క వేరు, వాళ్ళూ అడిగి తినాలి. నెలకోసారి బరువు చూసుకోండి. రేషన్ షాపు కాటా అయినా సరే. బరువు తగ్గుతుంటే అది ప్రమాదం గంట.

మన మగవాళ్ళకు ఒక మాట. పొయ్యి పొగ పీల్చేది ఆమె, అందరికీ పెట్టి ఆఖర్న గిన్నె గీరి తినేది ఆమె. దగ్గుతూ కూర వండి, ఆ కూర ముక్క తను తినకుండా పడుకునేది ఆమె. ఇంట్లో ఒకే గుడ్డు ఉంటే ఎవరి కంచంలో పడుతోంది? మనువును ఊళ్ళో తిట్టి ఇంట్లో కూచోబెట్టుకుంటే లాభం లేదు. రోజూ తాగే బీడీ కట్ట డబ్బులతో ఆ ఇంటికి గుడ్డు వస్తుంది. జబ్బు మనిషి ముందు తినాలి, ఆ జబ్బు మనిషి ఆడమనిషైతే మరీ ముందు తినాలి.

ఇంతవరకూ చెప్పింది మనం చేసుకోగలిగింది. అయితే గుడ్లూ పప్పూ ఊరికే రావు. ఇక్కడ సర్కారును నిలదీయాలి.

1959లో మద్రాసులో క్షయ మీద ఒక పెద్ద అధ్యయనం ఫలితాలొచ్చాయి. శానిటోరియంలో మంచి తిండీ విశ్రాంతీ ఇచ్చి మందులిచ్చినవాళ్ళకూ, పేదవాడల్లో ఇంటి దగ్గరే ఉంచి మందులిచ్చినవాళ్ళకూ జబ్బు దాదాపు ఒకేలా నయమైందని తేలింది. అది పేదలకు మంచి వార్తే, ఇల్లు విడిచి పోకుండానే వైద్యం దొరికింది. కానీ పాలకులు దాన్ని తమకు కావాల్సినట్టు చదువుకున్నారు. మందు చాలు, తిండి అక్కర్లేదన్నారు. దశాబ్దాల తరబడి క్షయ రోగికి మాత్రలిచ్చి ఆకలితో ఇంటికి పంపారు.

2023లో జార్ఖండ్ నుంచి దానికి జవాబొచ్చింది. అక్కడ నాలుగు జిల్లాల్లో 2,800 మంది క్షయ రోగులకు మందులతో పాటు నెలకు 10 కిలోల సరుకులిచ్చారు. బియ్యం, శనగ సత్తుపిండి, పాలపొడి, నూనె. కొన్ని కుటుంబాల్లో రోగితో పాటు ఇంట్లోవాళ్ళకు కూడా తలకు బియ్యం, కందిపప్పు ఇచ్చారు. రోగుల్లో ఐదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువులో లేరు. ఇంట్లోవాళ్ళకు కూడా తిండి పెట్టిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు బాగా తగ్గాయి. ఏ కొత్త యంత్రమూ లేదు, ఏ విదేశీ మందూ లేదు. బియ్యం, పప్పు. ఆకలి జబ్బును పెంచుతుందని మన అవ్వలు చెప్తే వినని లోకం, ఇప్పుడు ప్రపంచ వైద్య పత్రికలో అచ్చయితే వింటోంది. విననీయండి.

2018 ఏప్రిల్ నుంచి క్షయ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలిస్తున్నారు, 2024 నవంబరులో దాన్ని వెయ్యి చేశారు. ఆ డబ్బు బాంకు ఖాతాలో పడేసరికి నెలలు గడుస్తున్నాయన్న ఫిర్యాదు ఎక్కడికి పోయినా వినపడుతుంది. ఈ వెయ్యి కూడా క్షయ ఉన్నన్నాళ్ళే. క్షయ తగ్గి తిత్తి పాడైనవాడికి లేదు, రాతి ధూళి తిన్నవాడికి లేదు, పొయ్యి పొగ తిన్న తల్లికి లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఊపిరాడక పడిపోయి ఆసుపత్రిలో చేరితే వేలకు వేలు కట్టడానికి సర్కారు దగ్గర డబ్బుంది. ఆ మనిషి పడిపోకుండా నెలకు ముప్పై గుడ్లు ఇవ్వడానికి లేదు! గర్భిణికి గుడ్డు, పాలు, అన్నం అంగన్‌వాడీలో పెట్టొచ్చని 2015లో ఆరోగ్యలక్ష్మితో తెలంగాణ చూపించింది. అదే అంగన్‌వాడీ, అదే పొయ్యి. మనసుంటే దమ్ము మనిషికీ పెట్టొచ్చు.

అందుకే మేం అడుగుతున్నాం. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బున్న ప్రతి పేద మనిషికీ నెల నెలా గుడ్లు, పప్పు, నూనె, పల్లీలు రేషన్ కార్డు మీదే ఇవ్వాలి. క్షయ రోగికిచ్చే డబ్బు మందుతో పాటే చేతికందాలి, ఇంట్లోవాళ్ళకు కూడా తిండి ఇవ్వాలి. క్వారీల్లో, క్రషర్లలో పనిచేసేవాళ్ళందరికీ ఏటా ఊపిరి పరీక్ష చెయ్యాలి. సిలికోసిస్‌కు క్షయ అని రాసి యజమానిని తప్పించడం ఆపాలి. 2019లో రాజస్థాన్ సిలికోసిస్ రోగుల కోసం సాయం, పెన్షన్‌తో ఒక విధానం తెచ్చింది, మన రెండు రాష్ట్రాల్లోనూ అంతకన్నా తక్కువైతే ఒప్పుకోం. పీల్చే మందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే దొరకాలి. దవాఖాన చీటీలో మన తిండి పేరు ఉండాలి. గొడ్డుమాంసం అని రాయడానికి డాక్టరు చెయ్యి వణకాల్సిన పనిలేదు.

వాడవాడలా యువజన సంఘాలు ఈ పదిహేను రోజుల్లో ఒక పని చెయ్యాలని కోరుతున్నాం. మీ వాడలో ఆయాసంతో ఉన్నవాళ్ళ పేర్లు, వయసు, చేసిన పని, బరువు, నిన్న తిన్న తిండి రాయండి. ఎన్ని ఇళ్ళలో నిన్న పప్పు వండారో రాయండి. ఆ కాగితం ముందు మీ మండల ఆఫీసులో పెట్టండి, తర్వాత మాకు పంపండి. మన చావుల లెక్క వాళ్ళు రాయరు. మన ఆకలి లెక్క మనమే రాసి వాళ్ళ బల్ల మీద పెడదాం.

జై భీమ్!